పురుగు ఎక్కడిదో తెలియాలి, నష్టం ఎవరిదో తేలాలి

మొక్కజొన్న వేసే రైతుకు కత్తెర పురుగును కొత్తగా పరిచయం చేయనక్కరలేదు. ఆకు సుడిలో రంపపు పొట్టులా పేరుకున్న విసర్జన, విచ్చుకున్న ఆకుల మీద వరసగా చిల్లులు, పురుగు తల మీద తిరగేసిన ‘వై’ అక్షరం, తోక దగ్గర నలుచదరంగా నాలుగు నల్ల చుక్కలు. ఈ గుర్తులు ఇప్పుడు పొలానికి వెళ్లే పిల్లలకు కూడా తెలుసు. కానీ 2018కి ముందు ఈ పురుగు మన దేశంలోనే లేదు. ఆ ఏడాది మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నలో దీన్ని మొదట గమనించారు. కొద్ది నెలల్లోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, మహారాష్ట్ర, గుజరాత్‌లకు పాకింది. 2019లో ఈశాన్య రాష్ట్రాలనూ, చైనానూ చేరింది. 2020 ఆరంభంలో ఆస్ట్రేలియాలో కనిపించింది.

పురుగు వచ్చిన రోజు నుంచి మనం ‘ఏ మందు కొట్టాలి’ అనే ప్రశ్న దగ్గరే తిరుగుతున్నాం. అది అవసరమైన ప్రశ్నే. కానీ దానికి ముందు అడగాల్సినది ఇంకొకటి ఉంది. ఈ పురుగు ఎక్కడిది? ఎలా వచ్చింది? ఒక్కసారే వచ్చిందా, మళ్లీ మళ్లీ వస్తోందా? ఇదంతా ప్రయోగశాలల్లో శాస్త్రజ్ఞులు తేల్చుకోవలసిన సంగతి, మనకెందుకు అనుకుంటే పొరపాటు. ఏ మందు పనిచేస్తుందో, ఏ మిత్రపురుగు దీన్ని అదుపు చేస్తుందో, జరిగిన నష్టానికి బాధ్యత ఎవరిదో తేలాలంటే దారి పురుగు పుట్టుక దగ్గరే మొదలవుతుంది.

కత్తెర పురుగు అమెరికా ఖండాలది. 1797లోనే అమెరికాలోని జార్జియా ప్రాంతపు నమూనాలతో దీనికి శాస్త్రీయ నామం పెట్టారు. ఆ పేరుకు లాటిన్‌లో ‘పంట పోయింది’ అని అర్థం వస్తుంది. ఇది చలికి తట్టుకోలేదు. చలికాలం నిద్రావస్థలో గడిపే అలవాటూ దీనికి లేదు. అందుకే దక్షిణ ఫ్లోరిడా, దక్షిణ టెక్సస్ వంటి వెచ్చని చోట్ల చలికాలం గడిపి, ఏటా వేసవికి వందల కిలోమీటర్లు ఉత్తరంగా వలస వెళుతుంది. రెక్కల పురుగు గాలివాటున ఒక్క రాత్రిలో వంద కిలోమీటర్లు ఎగరగలదు. ఒక ఆడపురుగు వెయ్యికి పైగా గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో నెల రోజుల్లో ఒక తరం పూర్తవుతుంది. మూడు వందల యాభైకి పైగా మొక్క జాతుల మీద ఇది బతకగలదని లెక్క తేల్చారు.

ఇన్ని శక్తులున్న పురుగు, పేరు పెట్టిన తర్వాత రెండు వందల ఏళ్లకు పైగా అట్లాంటిక్ సముద్రం దాటి పంటల మీద పడలేదు. 2016లో మాత్రం నైజీరియా, బెనిన్, టోగో, సావోటోమే ద్వీపాల్లో ప్రత్యక్షమైంది. రెండేళ్లలో ఆఫ్రికాలో సహారాకు దక్షిణాన ఉన్న దేశాలన్నిటినీ దాదాపుగా కమ్మేసింది. ఆ తర్వాత మన దగ్గరకు వచ్చింది. రెక్కలు దానికి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. పెరిగినవి ఓడల్లో కంటెయినర్లు, విమానాల్లో తాజా కూరగాయల పెట్టెలు. ఖండాలు దాటడంలో మనుషుల రవాణాదే ప్రధాన పాత్ర అన్నది శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం. దక్షిణ అమెరికాలోని సురినాం వంటి దేశాల నుంచి వచ్చిన మిరప, వంకాయ సరుకులో ఈ పురుగును యూరప్ దేశాల క్వారంటైన్ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. వాళ్లు పట్టుకున్నారు, ఆపారు. పట్టుకోలేని చోట అది పొలాల్లోకి దిగింది.

ఇది ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా చెప్పగలిగారు? ఇక్కడే జన్యువుల సంగతి వస్తుంది. కత్తెర పురుగులో రెండు తెగలున్నాయి. ఒకటి మొక్కజొన్న తెగ. అది మొక్కజొన్న, జొన్న, పత్తి వంటి పంటలను ఇష్టపడుతుంది. రెండోది వరి తెగ. అది వరినీ పచ్చిక గడ్డినీ ఎక్కువగా తింటుంది. పక్కపక్కన పెట్టి చూసినా రెండిటికీ తేడా కంటికి కనిపించదు. 1980లలో అమెరికా శాస్త్రజ్ఞులు జీవరసాయన పరీక్షలతో ఈ తేడాను పట్టుకున్నారు. ఆ తర్వాత డీఎన్ఏ పరీక్షలు వచ్చాయి.

డీఎన్ఏలో ఒక భాగం తల్లి నుంచి మాత్రమే పిల్లలకు వస్తుంది. మనకు తండ్రి నుంచి ఇంటిపేరు వచ్చినట్టు, పురుగుకు తల్లి నుంచి ఈ గుర్తు వస్తుందనుకోండి. మిగతా డీఎన్ఏ తల్లిదండ్రులిద్దరి పోలికలనూ మోస్తుంది. ఇంటిపేరు చూసి వంశం చెప్పవచ్చు గానీ మనిషి స్వభావం చెప్పలేం. పురుగు విషయంలోనూ అంతే. మన దేశంలో తొలి రోజుల్లో పరీక్షించిన నమూనాల్లో తల్లి వైపు గుర్తు ఎక్కువగా వరి తెగదని తేలింది. ఆ మాట విన్న వాళ్లకు గుండె జారిపోయింది. మొక్కజొన్నతో మొదలుపెట్టిన పురుగు రేపు వరి మీద పడితే దేశం తిండిగింజల గతేమిటి?

అయితే తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే మరో జన్యువును పరీక్షిస్తే లెక్క మారింది. ఆ గుర్తు ప్రకారం మన పురుగులు దాదాపు అన్నీ మొక్కజొన్న తెగవే. ఎప్పుడో వెనకటి తరాల్లో వరి తెగ ఆడపురుగులూ మొక్కజొన్న తెగ మగపురుగులూ కలిసిన సంకరం ఇది. ఆఫ్రికాలోనూ ఇదే మిశ్రమం కనిపించింది. ఇంటిపేరు వరిది, నడత మొక్కజొన్నది. పొలంలో జరిగింది కూడా దానికి తగ్గట్టే ఉంది. ఇన్నేళ్లలో ఈ పురుగు మొక్కజొన్న, జొన్న పైర్లను పట్టి పీడించిందే గానీ వరి మీద ఆ స్థాయిలో విజృంభించలేదు. ఒక్క గుర్తు చూసి భయపడటం ఎంత తప్పో, ఇప్పటిదాకా రాలేదు కాబట్టి ఇకముందూ రాదనుకోవడం అంతే తప్పు. అసలైన వరి తెగ ఒక కొత్త సరుకులో వచ్చి దిగితే పరిస్థితి వేరేగా ఉంటుంది. అందుకే ఈ పరీక్షలు ఒక్కసారి చేసి ఊరుకునేవి కావు.

ఇంకో సంగతీ తేలింది. అమెరికాలో మొక్కజొన్న తెగలోనే ప్రాంతాన్ని బట్టి తేడాలున్నాయి. టెక్సస్, మెక్సికో, బ్రెజిల్ వైపు ఒక రకం గుర్తులు ఎక్కువ. ఫ్లోరిడా, కరీబియన్ ద్వీపాల వైపు మరో రకం గుర్తులు ఎక్కువ. ఆఫ్రికాలోనూ మన దేశంలోనూ దొరికిన పురుగులు ఈ రెండో రకానికి దగ్గరగా ఉన్నాయి. దక్షిణాఫ్రికా, భారత్ నమూనాలను పోల్చి 2019లో ప్రచురించిన అధ్యయనం రెండు చోట్లా ఉన్నవి ఒకే మూలం నుంచి ఇటీవలే వచ్చాయని చెప్పింది. జన్యు వైవిధ్యం కూడా అమెరికాతో పోలిస్తే తక్కువగానే కనిపించింది. పలు రకాలు కలగలిసిన విత్తనాల బస్తాలోంచి ఒక గుప్పెడు తీసి చల్లితే, ఆ గుప్పెట్లో ఉన్న రకాలే పొలంలో మొలుస్తాయి. కొద్ది పురుగులతో మొదలైన సంతతిలో వైవిధ్యం తగ్గేది కూడా అలాగే.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. డీఎన్ఏలో ఒకటి రెండు చోట్ల కాకుండా మొత్తం చదివే పద్ధతులు వచ్చాక, 2022లో వెలువడిన విస్తృత అధ్యయనం వేరే చిత్రం చూపింది. పశ్చిమాఫ్రికాలో ఒకసారి దిగి, అక్కడి నుంచి ఒకే దారిన తూర్పుకు నడిచి మన దాకా వచ్చిందన్న కథ అంత సరళమైనది కాదని తేల్చింది. ఆఫ్రికాలోకీ ఆసియాలోకీ ఈ పురుగు వేర్వేరు దారుల్లో, ఒకటికి మించిన సార్లు ప్రవేశించిందనడానికి ఆధారాలు చూపింది.

ఈ తేడా మనకు చాలా ముఖ్యం. ఒకసారే వచ్చిందంటే అది ప్రమాదం. ఒకటికి మించిన సార్లు వచ్చిందంటే తలుపు తెరిచే ఉందని అర్థం. తలుపు తెరిచి ఉంటే రేపు వచ్చేది ఇవాళ ఉన్న పురుగు లాంటిదే కానక్కరలేదు. ఒక్కో గుప్పెడుతో కొత్త లక్షణాలు వచ్చి చేరతాయి. వాటిలో మనకు అన్నిటికంటే చేటు చేసేది మందులను తట్టుకునే శక్తి.

ప్యూర్టోరికో ద్వీపం సంగతే చూడండి. అక్కడ 2003లో ఒక బీటీ మొక్కజొన్నను ప్రవేశపెట్టారు. కత్తెర పురుగును చంపే విషం ఆ మొక్కలోనే తయారవుతుంది కాబట్టి ఇక మందు కొట్టనక్కరలేదన్నారు. మూడేళ్లు తిరిగేసరికి, 2006కే పురుగు ఆ మొక్కజొన్నను మామూలుగా తినేసింది. కంపెనీ ఆ విత్తనాన్ని అక్కడి మార్కెట్ నుంచి తీసేయాల్సి వచ్చింది. అదే విషం ఉన్న మొక్కజొన్న బ్రెజిల్‌లోనూ కొద్ది ఏళ్లకే దెబ్బతింది. ప్యూర్టోరికో పురుగులు బీటీతో ఆగలేదు. మనం ఇవాళ ప్రధానంగా ఆధారపడుతున్న క్లోరాంట్రానిలిప్రోల్‌ను కూడా మామూలు పురుగుల కంటే వంద రెట్లకు మించి తట్టుకుంటున్నాయని 2019లో ప్రచురించిన పరీక్షలు చూపాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, మన పురుగుకు దగ్గరి చుట్టాలున్న ఆ కరీబియన్ ప్రాంతంలోనే మన మందులకు లొంగని పురుగు తయారై ఉంది.

చైనాలో పట్టిన పురుగులను పరీక్షిస్తే ప్యూర్టోరికోలో బీటీని ఓడించిన ఆ జన్యు మార్పు కనిపించలేదు. క్లోరాంట్రానిలిప్రోల్ గ్రూపు మందులను తట్టుకునే మార్పులూ కనిపించలేదు. కానీ ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ మందులను తట్టుకునే మార్పులు కనిపించాయి. ఆసియాలో అడుగుపెట్టి ఏడాది రెండేళ్లు కూడా కాని పురుగులో ఇవి ఉన్నాయంటే అర్థం ఏమిటి? అమెరికా పొలాల్లో దశాబ్దాల పాటు కొట్టిన మందుల జ్ఞాపకాన్ని ఒంట్లో మోసుకునే ఇది బయలుదేరింది. ప్రొఫెనోఫాస్, ఎసిఫేట్, మోనోక్రోటోఫాస్ ఆర్గానోఫాస్ఫేట్లు. థయోడికార్బ్, మెథోమిల్ కార్బమేట్లు. ఈ కుటుంబాల మందులు డబ్బాలకు డబ్బాలు కొట్టినా పురుగు చావలేదని ఏ రైతైనా చెబితే, మందు సరిగా కలపలేదనో, సమయం తప్పావనో అతన్నే తప్పుపట్టే ముందు అధికారులు ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి. రైతు తప్పేమీ లేకుండానే మందు ఓడిపోయే అవకాశం ఉంది.

కాబట్టి పొలంలో మనం పాటించాల్సిన ఒక సూత్రం ఉంది. డబ్బా పేరు కాదు, డబ్బా లోపలి మందు చూడాలి. క్లోరాంట్రానిలిప్రోల్, ఫ్లూబెండియమైడ్, సయాంట్రానిలిప్రోల్ వేర్వేరు కంపెనీల పేర్లతో, వేర్వేరు రంగుల డబ్బాల్లో దొరుకుతాయి. మూడూ ఒకే గ్రూపువి. ఒకటి పనిచేయలేదని రెండోది కొంటే డబ్బు మారింది గానీ మందు మారలేదు. ఎమామెక్టిన్ బెంజోయేట్ వేరే గ్రూపు, స్పైనెటోరామ్ ఇంకో గ్రూపు. ఒక తరం పురుగు మీద ఒక గ్రూపు వాడితే తర్వాతి తరం మీద వేరే గ్రూపు వాడాలి. దుకాణదారు రెండు మూడు కలిపి ఇస్తే ఎందుకని అడగాలి. ఉన్న మూడు గ్రూపులనూ ఒక్కసారే తగలేస్తే, పురుగు మూడింటికీ అలవాటు పడ్డ రోజున మన చేతిలో ఏమీ మిగలదు.

పుట్టుక తెలిస్తే కలిగే రెండో మేలు మిత్రపురుగులది. దీనికి కర్రపెండలం పిండినల్లి కథ మంచి ఉదాహరణ. 1970లలో ఆఫ్రికాలో కర్రపెండలం తోటలను ఒక పిండినల్లి తుడిచిపెట్టింది. కోట్ల మందికి అదే తిండి. పిండినల్లి దక్షిణ అమెరికాదని తెలుసు గానీ అక్కడ ఎక్కడిదో తెలియదు. మొదట ఆ ఖండం ఉత్తర భాగంలో వెతికారు. అచ్చం అలాంటిదే ఒక పిండినల్లి దొరికింది. దాన్ని చంపే పరాన్నజీవులనూ తెచ్చారు. అవి ఆఫ్రికా పిండినల్లిని ముట్టలేదు. చివరికి తేలిందేమంటే, అక్కడ దొరికింది చూడ్డానికి అలాగే ఉన్న వేరే జాతి. అసలు పిండినల్లి పుట్టిల్లు ఇంకా దక్షిణాన, పరాగ్వే ప్రాంతంలో ఉంది. అక్కడ దొరికిన ఒక చిన్న కందిరీగను 1981 నుంచి ఆఫ్రికాలో వదిలారు. అది ఖండమంతా పాకి పిండినల్లిని అదుపులో పెట్టింది. ఆ పనికి నాయకత్వం వహించిన హాన్స్ హెరెన్‌కు 1995లో ప్రపంచ ఆహార బహుమతి వచ్చింది.

అదే పిండినల్లి 2020లో కేరళలో కనిపించింది, తమిళనాడుకు పాకింది. బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఆఫ్రికాలోని బెనిన్ నుంచి అదే కందిరీగను తెప్పించి, పెంచి, 2022లో తమిళనాడులో వదిలింది. పుట్టిల్లు ఏనాడో తెలిసిపోయి ఉండటం వల్ల మనం దశాబ్దం వెతకాల్సిన పని తప్పింది. తూర్పు గోదావరి ప్రాంతంలో కర్రపెండలం వేసే రైతులు దీన్ని గమనించాలి. అంతకుముందు 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించిన బొప్పాయి పిండినల్లిని కూడా 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చిన పరాన్నజీవులే లొంగదీశాయి. ఈ రెండు చోట్లా రైతు ఖర్చు పెట్టి కొనాల్సిన మందు డబ్బా ఏదీ లేదు. ప్రభుత్వ సంస్థ పని చేసింది, ఫలితం ఊరందరికీ అందింది. అందుకే ఏ కంపెనీ ప్రకటనల్లోనూ వీటి ప్రస్తావన ఉండదు.

కత్తెర పురుగుకూ మన నేలలో శత్రువులు ఉన్నారు. దాని గుడ్లలో గుడ్లు పెట్టే టెలినోమస్, ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగలు మన పొలాల్లో పనిచేస్తున్నాయి. వానాకాలంలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు మెటారైజియం జాతి శిలీంధ్రం సోకి పురుగులు ఆకుల మీదే గట్టిపడి చచ్చి కనిపిస్తాయి. పైరు మొలిచిన వారం నుంచే అన్ని పురుగులనూ చంపే ఘాటు మందు కొడితే ముందు పోయేవి ఈ మిత్రులే. లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగుల రాకను చూసుకోవడం, ఆకుల మీద గుడ్ల సముదాయాలను ఏరి నలిపేయడం, తొలి దశలో వేప మందు వాడటం, ఊరంతా దగ్గర దగ్గర రోజుల్లో విత్తడం. ఇవి పాత మాటలే అయినా ఖర్చు తగ్గించేవి ఇవే.

ఇక ప్రభుత్వ బాధ్యత దగ్గరకు వద్దాం. మిరప రైతులకు 2021 మర్చిపోలేని ఏడాది. గుంటూరు, ఖమ్మం, వరంగల్ ప్రాంతాల్లో పూత మీద నల్ల తామర పురుగు గుంపులు గుంపులుగా పడి, పూలన్నీ రాలిపోయి, ఎకరాకు లక్షకు మించి పెట్టుబడి పెట్టిన తోటలను రైతులు దున్నేశారు. మనకు అలవాటైన తామర పురుగు ఆకుల మీద ఉండి పై ముడత తెస్తుంది. ఇది పూలలో దూరుతుంది. తేడా తెలియక పాత మందులే పదే పదే కొట్టి, అప్పు మీద అప్పు చేశారు. కౌలు రైతులు అందరికంటే ఎక్కువ నలిగిపోయారు.

ఆ పురుగు ఆ ఏడాది కొత్తగా ఊడిపడిందా? లేదు. ఆగ్నేయాసియాకు చెందిన ఆ తామర పురుగు మన దేశంలో ప్రవేశించిందని 2015లోనే శాస్త్ర పత్రికలో ప్రచురించారు. బెంగళూరులో బొప్పాయి మీద దొరికింది. అది బయటి నుంచి చొరబడిన పురుగని ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. 2015 నుంచి 2021 దాకా ఆరేళ్లు. ఆ ఆరేళ్లలో అది ఎటు పాకుతోందో, మిరప మీదకు ఎప్పుడు మళ్లుతుందో, ఏ మందుకు లొంగుతుందో చూసి రైతును ముందే హెచ్చరించే యంత్రాంగం ఏదైనా పనిచేసి ఉంటే అంత నష్టం జరిగేదా? శాస్త్రజ్ఞుడు చెప్పాడు. వినాల్సిన వాళ్లు వినలేదు. మూల్యం మిరప రైతు చెల్లించాడు.

చేయదలచుకుంటే ప్రభుత్వాలు చేయగలవనడానికి గులాబీ రంగు పురుగే సాక్ష్యం. 1840లలో మన దేశపు పత్తి మీద శాస్త్రజ్ఞులు తొలిసారి వర్ణించిన పురుగు అది. పత్తి వ్యాపారంతో పాటు దేశాలు తిరిగి 1917 నాటికి టెక్సస్ చేరింది. వందేళ్ల పోరాటం తర్వాత 2018లో అమెరికా తన పత్తి పొలాల్లో ఆ పురుగును నిర్మూలించామని ప్రకటించింది. బీటీ పత్తి ఒక్కటే ఆ పని చేయలేదు. గొడ్డు పురుగులను ప్రయోగశాలలో పెంచి విమానాలతో చల్లారు, లింగాకర్షకాలు పెట్టారు, పంట తీశాక మోళ్లను గడువులోపు దున్నించారు, ప్రభుత్వమూ రైతులూ ఉమ్మడిగా ఖర్చు భరించారు. మన దగ్గర అదే పురుగు బీటీని తట్టుకుని పత్తి రైతును ముంచుతోంది. అక్కడ మన పురుగును తరిమేశామని ప్రకటించిన ఏడాదే వాళ్ల పురుగు మన పొలాల్లో దిగింది. తేడా పురుగులో లేదు, ప్రభుత్వాలు పట్టించుకున్న తీరులో ఉంది.

మన చట్టాల సంగతి చూస్తే ఇంకా బాధ కలుగుతుంది. విదేశీ పురుగులను ఆపడానికి మనకున్న మూల చట్టం 1914 నాటి బ్రిటిష్ చట్టం. దాని కింద 2003లో మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు తెచ్చారు. వ్యవసాయ జీవభద్రత కోసం సమగ్ర చట్టం తెస్తామని 2013లో లోక్‌సభలో బిల్లు పెట్టారు. మరుసటి ఏడాది సభ గడువు ముగియడంతో అది మురిగిపోయింది. ఆ తర్వాతే కత్తెర పురుగు వచ్చింది, కొబ్బరి మీద సర్పిలాకార తెల్లదోమ వచ్చింది, కర్రపెండలం పిండినల్లి వచ్చింది. దిగుమతులు సులభం చేయడానికి పాలకులు చూపిన చురుకు, దిగుమతితో పాటు వచ్చే పురుగును ఆపడంలో చూపలేదు.

సరుకు దిగుమతి చేసుకున్నవాడికి లాభం వచ్చింది. సరుకుతో వచ్చిన పురుగుకు మందు అమ్మినవాడికి లాభం వచ్చింది. మధ్యలో పంట పోగొట్టుకున్నవాడు రైతు. పంటల బీమా నిబంధనల్లో చీడపీడల నష్టం పేరుకు ఉంది. కానీ మొత్తం యూనిట్ సగటు దిగుబడి పడిపోతేనే పరిహారం. వడగళ్లు, ముంపు వంటి వాటికి ఒక్కో పొలాన్ని విడిగా అంచనా వేస్తారు గానీ పురుగుకు ఆ వీలు లేదు. కౌలు రైతుకు కాగితమే లేకపోతే అదీ లేదు. తుపాను ఎవరూ ఆపలేరు కాబట్టి అది విపత్తు. రేవులో ఆపవలసిన పురుగును ఆపకపోవడం అంతకంటే పెద్ద విపత్తు. దానికి రైతును బాధ్యుణ్ణి చేయడం అన్యాయం.

ఈ పరిస్థితుల్లో మన సంఘం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల ముందు ఈ కింది డిమాండ్లు ఉంచుతోంది.

1. మూలనపడిన వ్యవసాయ జీవభద్రత చట్టాన్ని రైతు సంఘాలతో చర్చించి కొత్తగా తేవాలి. రేవుల్లో, విమానాశ్రయాల్లో క్వారంటైన్ కేంద్రాలకు సిబ్బందినీ డీఎన్ఏ పరీక్షల సౌకర్యాన్నీ కల్పించాలి.

2. కత్తెర పురుగు, నల్ల తామర పురుగు, గులాబీ రంగు పురుగు నమూనాలను ప్రతి సీజన్‌లో ప్రధాన జిల్లాల నుంచి సేకరించి, తెగలనూ మందులను తట్టుకునే శక్తినీ పరీక్షించాలి. మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ఈ పని అప్పగించి నిధులివ్వాలి.

3. ఆ ఫలితాలను విత్తే కాలానికి ముందే, తెలుగులో, మండలాల వారీగా ప్రకటించాలి. ఏ గ్రూపు మందు పనిచేస్తోందో, ఏది ఓడిపోతోందో రైతు సేవా కేంద్రాల్లో, రైతు వేదికల్లో గోడ మీద కనిపించాలి.

4. కొత్త పురుగు దేశంలో కనిపించినట్టు శాస్త్రజ్ఞులు నిర్ధారించిన రోజు నుంచే హెచ్చరిక, నిఘా మొదలవ్వాలి. ఆ బాధ్యత ఎవరిదో పేరు పెట్టి చట్టంలో రాయాలి.

5. మిత్రపురుగులను, శిలీంధ్ర మందులను పెంచే ప్రభుత్వ ప్రయోగశాలలను జిల్లాకొకటి చొప్పున నడపాలి. కల్తీ జీవ మందులపై కఠిన చర్య తీసుకోవాలి.

6. విదేశీ పురుగు వల్ల జరిగిన నష్టాన్ని ప్రకృతి విపత్తుగా గుర్తించి, పొలం యూనిట్‌గా లెక్కించి, సాగు చేస్తున్న కౌలు రైతుకే పరిహారం ఇవ్వాలి.

7. బీటీ మొక్కజొన్నే దీనికి పరిష్కారమంటూ ఎవరు ముందుకొచ్చినా, ప్యూర్టోరికో, బ్రెజిల్ అనుభవాలను, మన బీటీ పత్తి అనుభవాన్ని రైతుల ముందు పెట్టి బహిరంగ చర్చ జరిపే దాకా అనుమతి ఇవ్వరాదు.

డిమాండ్లు పెట్టి ఊరుకుంటే సరిపోదు. మన వంతు పనీ ఉంది. ప్రతి గ్రామ శాఖలో ఒక నోటు పుస్తకం పెట్టండి. ఏ పంట మీద ఏ పురుగు ఏ వారంలో కనిపించింది, ఏ మందు ఏ మోతాదులో కొట్టారు, ఎంత ఖర్చయింది, చచ్చిందా లేదా అన్నది రాయండి. మందు బిల్లు తప్పకుండా తీసుకుని దాచండి. ఎన్నడూ చూడని పురుగు కనబడితే ఫోటో తీసి, నాలుగు పురుగులను చిన్న సీసాలో వేసి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికో పరిశోధనా స్థానానికో అందజేయండి. ఇచ్చినట్టు రసీదు అడగండి. రేపు ‘మా దృష్టికి రాలేదు’ అనే మాట ఎవరూ అనకుండా చేయడానికి ఆ రసీదే మన ఆధారం. పది గ్రామాల పుస్తకాలు ఒకచోట చేర్చితే అది ఏ అధికారీ తోసిపుచ్చలేని సాక్ష్యం అవుతుంది. వచ్చే మండల మహాసభలకు ఆ పుస్తకాలతో రండి. వాటి ఆధారంగానే జిల్లా కలెక్టర్లకు వినతిపత్రాలు ఇద్దాం, సమాధానం రాకపోతే ధర్నాకు కూర్చుందాం.

పురుగు ఏ ఖండంలో పుట్టిందో దాని ఒంట్లోని జన్యువులే చెబుతున్నాయి. అది మన పొలంలోకి ఎవరి నిర్లక్ష్యం వల్ల వచ్చిందో చెప్పించాల్సింది మనం.